కల్లుకు మార్కులు వేసే ముందు

అల్లుడూ,

దోస్తులతో వచ్చి మా నల్గొండ వైపు కల్లు రకాలన్నీ తాగి మార్కులు వేస్తామన్నావు కదా, వేయండి గానీ పది లొట్లు (కల్లు కుండలు) ముందు పెట్టుకుని కూర్చోవద్దు, మూడో దానికే నాలుక మొద్దుబారుతుంది. మూడు రకాలు చాలు. ఒక్కోటి రెండు గుక్కలు, అంతే.

సీసాలో వైన్ ఆగినట్టు కల్లు ఆగదు. లొట్టిలో పడ్డప్పటి నుంచే పులుస్తుంటుంది. పొద్దున్నే దించింది తియ్యగా, పల్చగా ఉంటుంది, ఎండెక్కేసరికి అదే కల్లు నురగ కక్కి పుల్లబడి తలకెక్కుతుంది, మర్నాటికి సిర్కా (వెనిగర్) వాసనే. పైగా పాత లొట్టికి అంటుకున్న మడ్డి తొందరగా పులియబెడుతుంది, లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా మిగులుతుంది. అందుకే మార్కు పక్కన ఏ చెట్టు, ఎప్పుడు దించారు, ఎప్పుడు తాగారు అని రాయకపోతే ఆ మార్కు ఎందుకూ పనికిరాదు. నన్నడిగితే ఊరంతా తిరిగేకన్నా ఒక్క చెట్టు కల్లునే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూడటం మేలు, కానీ మీకంత ఓపిక ఉండదులే.

ముందు నీరా, తర్వాత ఈత, చివరికి పోతుతాడు, అంటే మగ తాటిచెట్టు కల్లు. ఘాటైనది ముందు తాగితే తేలికైనది చప్పగా అనిపిస్తుంది. పండుతాడు, అంటే కాయలు కాసే తాటిచెట్టు కల్లు కావాలంటే ఎండలు ముదిరాక మళ్ళీ రావాల్సిందే. తాటాకు రేకతో తాగడం బాగుంటుంది, కాదనను, కానీ ఆకు వాసన కలుస్తుంది కాబట్టి మార్కుల వరకు గాజు గ్లాసులే వాడండి. ఏది ఏ చెట్టుదో తెలియకుండా ఒకడు పక్కన పోసి నంబర్లు వేసి ఇవ్వాలి. రాసేదాకా ఎవరూ నోరు తెరవద్దు, లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి మార్కే అందరి మార్కు అవుతుంది. గుడాలు, బోటి లాంటి తినేవన్నీ తర్వాతే, మధ్యలో మంచినీళ్ళు.

పదికి వాసనకు రెండు, రుచికి ఐదు, మింగాక మిగిలేదానికి మూడు వేసుకోండి. ఆ చివరి మూడు తేలిగ్గా తీసుకోవద్దు. అసలు కల్లు తీపి గొంతు దిగగానే పోతుంది, సాకరిన్ కలిపిన తీపి నాలుకను పట్టుకుని వదలదు, వెనక చిరుచేదు తగులుతుంది. అలాంటిదానికి సున్నా వేసి పారబోయండి.

కల్లు డిపోల జోలికి మాత్రం పోవద్దు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి పట్టుబడ్డ కేసులు మహబూబ్‌నగర్ వైపు ఎన్నో చూశాం, అవి ఉన్నాయో లేవో రుచితో తేల్చే పని పెట్టుకోకండి. చెట్టు కింద, మీ కళ్ళ ముందు దించిందే తాగండి. కల్లు గీసే గౌడన్నకు ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, అప్పటికప్పుడు వస్తే రోజూ వచ్చేవాళ్ళకు పెట్టుకున్న వాడిక కల్లు ఆయన మీకు పోయడు. బండి నడిపేవాడు నంబర్లు వేసే పని చూసుకుంటాడు, వాడికి నీరా ఒక్కటే.

మీ మామ