లామోంటైట్‌ను పొడి కాకుండా దాచుకో

చిరంజీవికి ఆశీస్సులు.

బసాల్ట్ అనే నల్లని లావారాతి గుల్లల్లో జియొలైట్‌లు, అంటే తమలో నీటిని పట్టి ఉంచే ఖనిజాలు, వెతకబోతున్నావని తెలిసి సంతోషించాను. వాటిలో స్టిల్‌బైట్, హ్యూలండైట్‌ల గురించి బెంగ లేదు, అరలో పెడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. జాగ్రత్తంతా లామోంటైట్‌తోనే.

ఇది కాల్షియం జియొలైట్. 1785లో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త జిలే ద లామోన్ దీన్ని ఫ్రాన్స్‌లో, బ్రిటనీలోని ఒక సీసపు గనిలో గుర్తించాడు, పేరు ఆయనదే. బసాల్ట్‌లోనే కాదు, లోతుగా పూడిన ఇసుకరాళ్లలోనూ, వేడినీళ్లు పారిన పగుళ్లలోనూ దొరుకుతుంది. దాదాపు చదరపు కోత ఉన్న సన్నని పట్టకాలు, కొస ఏటవాలుగా చెక్కినట్టు ఉంటుంది. రంగు తెలుపు, ఒక్కోసారి లేత గులాబి. స్టిల్‌బైట్ అయితే పనకట్టలా నడుమ బిగిసి, ముత్యంలా మెరుస్తుంది.

తాజా స్ఫటికంలో నూటికి దాదాపు 17 పాళ్లు నీరే. గాలిలో తేమ సుమారు 50 శాతానికి దిగిందంటే, మామూలు గది వేడికే అందులో కొంత వదిలేస్తుంది. 100 గ్రాములకు 4 గ్రాములు పోతే చాలు, నిగనిగ పోయి సుద్దలా తెల్లబడుతుంది, నిలువునా చీలి వేళ్ల మధ్యే రాలిపోతుంది. మళ్లీ తడిపితే నీరు లోపలికి చేరుతుంది కానీ పగుళ్లు అతుక్కోవు.

అందుకే రాతి నుంచి తీసిన నిమిషంలోనే తడి కాగితంలో చుట్టి, గాలి చొరని సంచిలో వెయ్యి. చీటీ పెన్సిల్‌తోనే రాయి, తడికి సిరా కారుతుంది. ఎండలో పెట్టొద్దు. మట్టిని మెత్తని కుంచెతో, చన్నీళ్లతో వదిలించు. పక్కనున్న కాల్సైట్‌ను (సున్నపురాయి ఖనిజాన్ని) కరిగిద్దామని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొయ్యకు. లామోంటైట్ కూడా జిగురుముద్దయిపోతుంది, ఆ నష్టానికి మందు లేదు.

దాచేందుకు మూత బిగిసే గాజు డబ్బా తీసుకో. మూలన చిన్న గిన్నెలో స్వేదనజలంతో తడిపిన దూది ఉంచు, అది రాయికి తగలకూడదు. అలవాటుకొద్దీ తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేస్తారు చాలామంది, అది దీనికి విషమే! డబ్బాను నెలకోసారి తూచి రాసుకో. బరువు తగ్గిందంటే మూత నుంచి తేమ పోతున్నట్టే, రబ్బరు వాషర్ మార్చు.

ఇప్పటికే రాలుతున్న ముక్క ఉంటే, నీళ్లు కలిపి పాలలా పలచన చేసిన పీవీఏ జిగురులో (చెక్కపనికి వాడే తెల్ల జిగురు) ముంచి తియ్యి. నీరు పోవడం ఆగదు కానీ రేణువులు పట్టుకుని నిలుస్తాయి. మంచి నమూనాకు మాత్రం జిగురు తగలనివ్వకు, పరీక్షకు పనికిరాకుండా పోతుంది.