సీసాకి ఒక నంబరు, చీమకి ఒక నంబరు

బెంగళూరు

చి. కల్యాణికి ఆశీస్సులు.

జక్కూరు చెరువు గట్టున పెట్టిన పిట్‌ఫాల్ ట్రాపుల (పురుగులు జారిపడేలా నేలలో పాతిన సీసాల) షీటు చూశాను. సీసా ఒక్కోదానికీ ఒక ఆర్గనిజం ఐడీ (ప్రాణికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఇచ్చావు. అది ఇప్పుడే మార్చు తల్లీ. ప్రపంచ దేశాల జీవజాతుల రికార్డులు చేరే జీబీఐఎఫ్ డేటాబేసులోకి ఎక్కాక ఆ చిక్కు విప్పడం చాలా కష్టం.

ఆ రికార్డులు రాసే ప్రమాణ పద్ధతి డార్విన్ కోర్. అందులో ఆర్గనిజం అంటే ఒంటి ప్రాణే కానక్కర్లేదు. తోడేళ్ళ గుంపైనా, పగడాల కాలనీ అయినా కావచ్చు. కాకపోతే అందులో ఉన్నదంతా వర్గీకరణలో ఒకే రకమై ఉండాలి. నీ సీసాలో చీమలు, సాలీళ్ళు, పేడపురుగులు కలిసే ఉన్నాయి. పైన ‘ఆర్థ్రోపోడా’ అని రాస్తే పేరు తప్పు కాదు గానీ, దాంతో ఎవరికీ పని జరగదు. ఆ సీసా మెటీరియల్ శాంపిల్ (సేకరించిన నమూనా), దానికి ఆ ఐడీయే ఇవ్వు. ట్రాపు చోటు, తేదీ, ఎన్ని గంటలు ఉంచావన్నది ఈవెంట్ (సేకరణ సందర్భం) కింద రాయి.

ఏరడం మొదలుపెట్టాక రకానికో వయల్ (చిన్న సీసా), వయల్‌కో ఆక్యురెన్స్ (ఫలానా జీవి ఫలానా చోట, ఫలానా రోజు దొరికిందనే రికార్డు). ఒకే జాతి చీమలు 14 ఉంటే ఇండివిడ్యువల్ కౌంట్ 14. ఎక్కువ మంది తప్పేది ఆ తర్వాతే. వాటిలో ఒక చీమని పిన్ను చేసి (సూదికి గుచ్చి) దానికి వేరే రికార్డు తెరుస్తారు, వయల్ లెక్క మాత్రం 14 గానే వదిలేస్తారు. చెరువు గట్టున 15 చీమలు పుట్టుకొస్తాయి! వయల్‌ని 13 చేసి, ఆ రెండు రికార్డులనీ ఒకదానికొకటి ముడిపెట్టు. పిన్ను చేసిన చీమకి మాత్రం సొంత ఆర్గనిజం ఐడీ ఉండాలి. డీఎన్ఏ కోసం దాని కాలు తీస్తే, ఆ ట్యూబుకి కొత్త మెటీరియల్ శాంపిల్ ఐడీ వస్తుంది, ఆర్గనిజం ఐడీ మాత్రం చీమదే. అది మారితే సీక్వెన్సు ఏ చీమదో రేపు ఎవరూ చెప్పలేరు.

చెరువు నీళ్ళ డీఎన్ఏ సంగతి వేరు. అక్కడ వచ్చేవి రీడ్స్ (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు), తలకాయల లెక్క కాదు. ఇండివిడ్యువల్ కౌంట్ ఖాళీగా వదిలి, ఆర్గనిజం క్వాంటిటీలో రీడ్స్ సంఖ్య, ఆర్గనిజం క్వాంటిటీ టైపులో ‘డీఎన్ఏ సీక్వెన్స్ రీడ్స్’ పెట్టు. ఆ శాంపిల్ మొత్తం రీడ్స్ శాంపిల్ సైజులో పడాలి. అది లేకపోతే 400 రీడ్స్ ఎక్కువో తక్కువో తెలియదు.

గట్టు మీది చెట్ల బెరడుకి లైకెన్ దొరికితే తటపటాయించకు. ఫంగస్, ఆల్గా కలిసిన ప్రాణే అయినా లైకెన్ పేరు ఫంగస్‌కే చెందుతుందని వృక్షనామ నియమావళి తేల్చేసింది.

ఎక్సెల్ వరస నంబర్లని ఐడీలుగా వాడకు, ఒక్కసారి సార్ట్ చేస్తే అన్నీ తారుమారే. యూయూఐడీ (కంప్యూటరు ఇచ్చే, మరెక్కడా రాని పొడవాటి కోడు) పెట్టు. వయల్ లోపలి చీటీ పెన్సిల్‌తో రాయి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. డీఎన్ఏకి తీసేవి 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యి, మిగతావాటికి 70 చాలు.

ముందు ఒక్క సీసా ఇలా సర్ది షీటు పంపు. అది చూశాక రెండోది విప్పుదువుగాని.

ప్రేమతో,
పెద్దమ్మ