ఇంజిన్ చెడిపోయి విమానం కూలితే ఎయిర్‌లైన్స్‌కు బాధ్యత ఉండదా?

ప్రశ్న: మా తమ్ముడు విదేశానికి వెళ్తూ ఎక్కిన విమానం టేకాఫ్ అయిన రెండు నిమిషాలకే కూలిపోయింది. తమ్ముడు పోయి 14 నెలలైంది. ఒక ఇంజిన్ చెడిపోయిందని ప్రాథమిక నివేదికలో రాశారు, తుది నివేదిక ఇంకా రాలేదు. ‘లోపం ఇంజిన్‌ది, మా తప్పేమీ లేదు, అయినా మానవతా దృష్టితో కొంత ఇస్తాం’ అంటూ ఎయిర్‌లైన్స్ వాళ్లు మా మరదలికి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితాలు పంపారు. నెలలోగా సంతకం పెట్టాలట. ఆమెకు ఆరేళ్ల పాప. సంతకం పెట్టాలా, నివేదిక వచ్చేదాకా ఆగాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఆ కాగితాల మీద ఇప్పుడు సంతకం వద్దు, నివేదిక కోసం ఆగడమూ వద్దు. మిగతావన్నీ తర్వాత, ముందు గడువు సంగతి చూద్దాం. మీ ప్రశ్న చదువుతుంటే నాకు టెన్షన్ పుట్టించింది ఆ 14 నెలల మాటే.

అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. 130కి పైగా దేశాలు దానిలో ఉన్నాయి. అందులోని 35వ అధికరణం ప్రకారం రెండేళ్లలోపు కోర్టులో దావా వేయకపోతే పరిహారం అడిగే హక్కే పోతుంది. విమానం గమ్యం చేరాల్సిన రోజు నుంచి ఈ రెండేళ్లు లెక్కపెడతారు. ఎయిర్‌లైన్స్‌తో చర్చలు నడుస్తున్నాయి కదా, ఈమెయిళ్లు వస్తూనే ఉన్నాయి కదా అని నమ్మకంగా కూర్చుంటే గడువు ఆగదు. మీకు మిగిలింది పది నెలలు.

తుది నివేదికను 12 నెలల్లోపు తేవడానికి ప్రయత్నించాలని అంతర్జాతీయ నిబంధన ఉన్నా చాలాసార్లు ఆలస్యమవుతుంది. 2015 ఫిబ్రవరి 4న తైపీలో టేకాఫ్ అయిన కాసేపటికే ట్రాన్స్‌ఏషియా 235 విమానం నదిలో కూలింది. దాని తుది నివేదిక రావడానికి దాదాపు 17 నెలలు పట్టింది. పైగా ఆ దర్యాప్తు చేసేది మళ్లీ ఇలాంటి ప్రమాదం జరగకుండా చూడటానికే. ఎవరిది తప్పో, ఎవరు డబ్బు కట్టాలో తేల్చడం దాని పని కాదు. దావా వేశాక నివేదిక వస్తే దాన్ని అప్పుడు వాడుకోవచ్చా లేదా అన్నది మీ కేసు నడిచే దేశపు చట్టం చెబుతుంది.

ఇక ‘మా తప్పేమీ లేదు’ అన్న మాట. ఒప్పందం దీన్ని రెండు అంచెలుగా చూస్తుంది. ఒక్కో ప్రయాణికుడికి 1,51,880 ఎస్‌డీఆర్‌ల వరకు ఎయిర్‌లైన్స్ తప్పు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్య నిధి వాడే లెక్కల ప్రమాణం, ఈ మొత్తం సుమారు రెండు లక్షల అమెరికన్ డాలర్లు. 2024 డిసెంబర్ 28 నుంచి ఈ పరిమితి అమల్లో ఉంది కాబట్టి మీ తమ్ముడి విషయంలో ఇదే లెక్క. ఇంజిన్ ఎవరు తయారు చేసినా సరే, ఈ అంచెలో ఎయిర్‌లైన్స్ తప్పించుకోలేదు. ప్రయాణికుడి సొంత నిర్లక్ష్యం ఉందని నిరూపిస్తే తప్ప. సీట్లో కూర్చున్న మనిషికి ఇంజిన్‌తో ఏం సంబంధం!

అయితే ఆ మొత్తం దానంతటదే చేతికి రాదు. తమ్ముడి సంపాదన పోవడం వల్ల కుటుంబానికి ఎంత నష్టం జరిగిందో మీరు చూపించాలి. ఆ నష్టం పై పరిమితిని దాటితే రెండో అంచె మొదలవుతుంది. అక్కడ గరిష్ఠ పరిమితి లేదు. తమ వైపు, తమ ఉద్యోగులు, ఏజెంట్ల వైపు నిర్లక్ష్యం లేదనో, తప్పంతా పూర్తిగా వేరేవాళ్లదేననో ఎయిర్‌లైన్స్ నిరూపించుకోవాలి. మీరు నిరూపించనక్కర్లేదు, భారం వాళ్లది.

ఆ భారం మోయడం తేలిక కాదు. ప్రయాణికుల జెట్ విమానాలకు అనుమతి ఇచ్చేటప్పుడే, టేకాఫ్ ఆపడం కుదరని వేగం దాటాక ఒక ఇంజిన్ ఆగిపోయినా మిగిలినదానితో పైకి లేవగలగాలని చూస్తారు. పైలట్లకు సిమ్యులేటర్‌లో అదే శిక్షణ ఇస్తారు. కాబట్టి ‘ఒక ఇంజిన్ పోయింది, విమానం పడిపోయింది’ అనేది సగం కథే. మిగతా సగంలో ఏం జరిగిందన్నదే మనం అడగాల్సింది. ట్రాన్స్‌ఏషియా ప్రమాదంలో ఒక ఇంజిన్ తాలూకు ఎలక్ట్రానిక్ పరికరంలో లోపం వచ్చి దాని ప్రొపెల్లర్ శక్తినివ్వడం ఆగిపోయింది. పైలట్ పొరపాటున బాగా ఉన్న రెండో ఇంజిన్‌ను ఆపేశాడు. 58 మందిలో 43 మంది చనిపోయారు. అంతకుముందు 1979 మే 25న చికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191 టేకాఫ్ అవుతుండగా ఎడమ ఇంజిన్ ఊడి పడిపోయింది, నేలమీది ఇద్దరితో కలిపి 273 మంది ప్రాణాలు పోయాయి. చూడటానికి ఇంజిన్ సమస్య. లోతుగా వెళ్తే, ఇంజిన్‌నూ దాన్ని రెక్కకు పట్టి ఉంచే పైలాన్‌నూ విడదీయకుండా ఫోర్క్‌లిఫ్ట్‌తో ఒకేసారి దించి బిగించిన మెయింటెనెన్స్ పద్ధతి వల్ల పైలాన్ దెబ్బతిందని బయటపడింది. అందుకే మీ లాయరు ముందుగా అడగాల్సినవి మెయింటెనెన్స్ రికార్డులు, ఆ ఇంజిన్ మీద అంతకుముందు వచ్చిన ఫిర్యాదులు, పైలట్ల శిక్షణ పత్రాలు.

ఇప్పుడు ఆ కాగితాలు. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న మాట కింద సంతకం పెడితే, చాలావరకు ఎయిర్‌లైన్స్ మీదే కాదు, ఇంజిన్ కంపెనీ, విమాన తయారీ కంపెనీ, మరమ్మతు చేసినవాళ్ల మీద కూడా ఇక దావా వేయబోమని రాసిచ్చినట్టవుతుంది. ఆ పేర్లన్నీ వరుసగా ఉన్నాయేమో చిన్న అక్షరాల్లో వెతకండి. పాప వాటాను రాజీ చేయడానికి చాలా దేశాల్లో కోర్టు అనుమతి కావాలి, తల్లి సంతకం ఒక్కటే చాలదు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఆ నెల గడువు. అది వాళ్లు పెట్టుకున్నది, చట్టం పెట్టింది కాదు.

ఇల్లు గడవడం కష్టంగా ఉంటే డబ్బు తీసుకోవద్దని నేను అనను. అడ్వాన్స్ వేరు, తుది పరిహారం వేరు. 28వ అధికరణం కింద ఇచ్చే అడ్వాన్స్ తీసుకుంటే ఎయిర్‌లైన్స్ తప్పు ఒప్పుకున్నట్టూ కాదు, మీరు హక్కు వదులుకున్నట్టూ కాదు. తర్వాత వచ్చే మొత్తంలోంచి దాన్ని తగ్గించుకుంటారు, అంతే. యూరోపియన్ యూనియన్ ఎయిర్‌లైన్స్ అయితే మరణం విషయంలో కనీసం 16,000 ఎస్‌డీఆర్‌లు, పరిహారానికి అర్హులెవరో తేలిన 15 రోజుల్లోగా ఇవ్వాలి. రసీదు మీద ‘ఇది అడ్వాన్స్ మాత్రమే’ అని స్పష్టంగా రాయించుకోండి.

ఇంజిన్ కంపెనీ మీద కేసు దీనికి వేరుగా వేసుకోవచ్చు. దానికి మాంట్రియల్ ఒప్పందం వర్తించదు, ఆయా దేశాల్లో లోపమున్న వస్తువుల మీది చట్టాలు, గడువులు వర్తిస్తాయి. కొన్నిచోట్ల ఆ గడువు రెండేళ్ల కంటే తక్కువే ఉండొచ్చు, వెంటనే లాయర్‌ను అడిగి తెలుసుకోండి.

దావా ఎక్కడ వేయాలో ఎంచుకునే వీలు కూడా మీకుంది: ఎయిర్‌లైన్స్ ప్రధాన కార్యాలయం ఉన్నచోట, టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్స్ కార్యాలయం ఉన్నచోట, ప్రయాణ గమ్యంలో. ఆ ఎయిర్‌లైన్స్‌కు అక్కడ సర్వీసులు, కార్యాలయం ఉంటే తమ్ముడు స్థిరంగా నివసించిన దేశంలో కూడా. రానూపోనూ టికెట్ అయితే గమ్యం అంటే బయలుదేరిన చోటే. అందుకే టికెట్ చాలా ముఖ్యం. కాపీ దొరక్కపోతే తమ్ముడి ఈమెయిల్లోనో, డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనో బుకింగ్ నంబర్ వెతకండి. దాంతోపాటు జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు, మరణ ధ్రువపత్రం, పాప జనన ధ్రువపత్రం తీసుకుని ఈ వారంలోనే విమాన ప్రమాదాల కేసులు చేసిన లాయర్‌ను కలవండి. వాళ్లు పంపిన కాగితాలు కూడా వెంట తీసుకెళ్లండి, ఖాళీగానే.