బస్సు ఎక్కించాక మొదలయ్యే పని

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నైపుణ్య శిక్షణ కేంద్రంలో ప్లేస్‌మెంట్ ఆఫీసరుగా చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ కుర్చీలో పద్నాలుగేళ్లు కూర్చుని లేచినవాణ్ణి కనుక నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా మొదటి బ్యాచ్‌లో ఇరవై ముగ్గురిని చెన్నై దగ్గర ఒక ఫ్యాక్టరీకి పంపాను. బస్సు ముందు నిలబెట్టి ఫొటో తీయించి, పైవాళ్లకు రిపోర్టు పంపి హాయిగా నిద్రపోయాను. మూడు వారాలు తిరగకముందే పదకొండు మంది ఇల్లు చేరారు. పనికి జడిశారనుకున్నాను. కాదు. గదికి ఎనిమిది మంది, తెల్లవారుజామున ఒక్కసారే నీళ్లు, మూడు పూటలా సాంబారన్నం. "ఆవకాయ సీసా ఉంటే ఇంకో నెల ఉండేవాణ్ణి సార్" అన్నాడొక కుర్రాడు. నవ్వాను కానీ, ఆ తర్వాత ఏ బ్యాచ్‌నూ పచ్చడి లేకుండా పంపలేదు.

అందుకే పిల్లల కంటే ముందు నువ్వు వెళ్లు. భోజనం వేళకు వెళ్లి అక్కడే తిను. హాస్టల్ స్నానాల గది చూడు. హెచ్‌ఆర్ వాళ్లు చెప్పేది విను, కానీ షిఫ్టు దిగి టీ తాగుతున్నవాణ్ణి అడిగి తెలుసుకో.

జీతం లెక్క పిల్లల చేతే కాగితం మీద వేయించు. బేసిక్, అంటే మూల వేతనం, 12,000 అయితే పీఎఫ్ (భవిష్య నిధి) 12 శాతం, అంటే 1,440, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం, అంటే 90. మిగిలేది 10,470. హాస్టల్, క్యాంటీన్ కోతలు దాని తర్వాత. యజమాని కట్టే పీఎఫ్ వాటాను కూడా కలిపి పెద్ద అంకె చెప్పేవాళ్లుంటారు, జాగ్రత్త. ఐదో తేదీన చేరినవాడికి మొదటి జీతం మరుసటి నెల ఏడుకో పదికో వస్తుంది. అన్నాళ్లకూ చేతిఖర్చు ఉందా అని ఇంట్లోవాళ్లనే అడుగు. ఆడపిల్లల విషయంలో తల్లినో తండ్రినో ఒకసారి వెంటబెట్టుకుని వెళ్లి ఆ చోటు చూపించు. వంద హామీలు చేయలేని పని అది చేస్తుంది.

కొత్తవాళ్లంటే జంకే చిన్న యజమానులతో 1961 నాటి అప్రెంటిస్ చట్టం సంగతి మాట్లాడు. అప్రెంటిస్ అంటే కొంత గడువు వరకు స్టైపెండు (నెలనెలా ఇచ్చే భత్యం) తీసుకుంటూ పని నేర్చుకునేవాడు. 2016లో మొదలైన పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 వరకు, కేంద్రం భరించే ఏర్పాటు ఉంది. అయితే అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవనీ, గడువు ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదనీ పిల్లలకు ముందే చెప్పు. తర్వాత తెలిస్తే నిన్నే తిడతారు. తిట్టాలి కూడా.

వెళ్లిన మొదటి ఆదివారం రాత్రి ఒక్కొక్కరికీ ఫోను చెయ్యి. "ఎలా ఉన్నావు" అంటే "బాగున్నాను సార్" అనే అంటారు. "ఇవాళ ఏం తిన్నావు" అని అడుగు.

మీ మామయ్య