గూడెంలో పంచిన మేకలు ఏడాది తిరక్కముందే ఎందుకు మాయమవుతాయి?

ములుగు వైపు గూడేల్లో అతి పేద ఇండ్లకు మేకలు పంచితే ఏడాదికి ఏమీ మిగలట్లేదు, పథకం నిలబడాలంటే ఎలా అని అడిగారు. మేకలో తప్పు లేదు, లెక్కలో ఉంది.

జూన్, జూలైలో అసలు పంచొద్దు. తొలకరికి మొలిచిన లేత గడ్డి ఆబగా మేసిన జీవం చిటుక రోగంతో తెల్లారేసరికి కాళ్లు చాపేస్తుంది. ఆ టీకా వానలకు ముందే పడాలి, మొదటిసారైతే రెండు వారాలకు మళ్లీ వేయాలి. పారుడు రోగం (పీపీఆర్) టీకాతో ఇంకో చిక్కు. సీసాలో 50, 100 డోసులుంటాయి, మందు కలిపాక గంట రెండు గంటల్లో ఖాళీ చేయాలి. మూడు మేకలున్న ఇంటి కోసం అంత సీసా ఎవరు విప్పుతారు? అందుకే ఊరికి ఇద్దరిని ఏరి ఇవ్వడం దండగ. ఒకే గూడెంలో ఇరవై ముప్పై ఇండ్లకు నవంబరులో ఇచ్చి, ఐస్ డబ్బాతో పొద్దున్నే వెళ్లి, మేతకు తోలకముందే అన్నిటికీ వేయించండి.

ఇక తిండి లెక్క. వచ్చిన రోజే చూలు కట్టినా ఈనడానికి అయిదు నెలలు, పిల్ల అంగడికి రావడానికి ఇంకో ఆరు. ఈ పదకొండు నెలలు మేక పెట్టేది శూన్యం. మధ్యలో జ్వరమొస్తే ఆస్పత్రి ఖర్చుకు ముందు అమ్ముడుపోయేది అదే. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతిలో జీవాలతో పాటు కొన్నాళ్లు తిండి ఖర్చు, పొదుపు, ఇంటికొచ్చి చెప్పే మనిషి, అన్నీ రెండేళ్లు ఉంటాయి. మనవాళ్లు అందులో ఫొటో దిగేంత భాగమే తీసుకున్నారు.

అన్నీ ఇచ్చినా ఫలితం ఖాయం కాదు. మన మెదక్‌లోనే ఇలాంటి పథకాన్ని పరీక్షిస్తే, పశువుల మీద వచ్చిన రాబడి, కూలికి పోవడం తగ్గి పోగొట్టుకున్న సంపాదనతో సరిపోయింది. అప్పట్లో ఆ ప్రాంతంలో కూలి రేట్లు పెరుగుతున్నాయి. కాబట్టి పత్తి ఏరే రోజుల్లో మేపడానికి ఇంటింటికీ ఒక మనిషి ఆగిపోకుండా, మందనంతా కలిపి తోలే కాపరికి జీతం పథకంలోనే రాయాలి.

బీమా ఉందిగా అంటారు. ముళ్ల కంపలో బీమా గుర్తుగా వేసిన చెవి ట్యాగు తెగిపోతే క్లెయిము పోయినట్టే. తెగిన రోజే బీమావాళ్లకు రాసిచ్చి కొత్తది వేయించాలి. అంతకన్నా, తొలి ఈతలో ఒక ఆడ మేకపిల్లను గూడెం మందకు జమ చేయించి, మేక చచ్చిన ఇంటికి అందులోంచి ఇవ్వడం నయం.

మేపే దిక్కులేని ముసలమ్మ పేరు మాత్రం ఈ జాబితాలో ఎక్కించకండి. ఆమె ఆధార్‌లో వయసు తప్పుంటే సరిచేయించి పింఛను కదిలించండి.