ఈలపాట రఘురామయ్య గారికి పేరు ఈల వల్లే వచ్చిందా?

మీ అబ్బాయి యూట్యూబ్‌లో పద్యనాటకాల నటుడు రఘురామయ్య గారి ఈల విని ముచ్చటపడ్డాడనీ, ఆయనకు అంత పేరు దానివల్లే వచ్చిందా అనీ అడిగారు. ఈల ఒక్కటే కాదండీ. ముందు ఆయన పద్యం, ఆ తర్వాతే ఈల. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల కాంట్రాక్టు నాటకాల్లో చాలాకాలం అర్జునుడి వేషం కట్టినవాణ్ణి. మా గురువుగారు ఆయన నాటకాలు స్టేజీ పక్కన నిలబడి చూసిన మనిషి. ఆ చనువుతో చెబుతున్నాను.

రఘురామయ్య గారు మన గుంటూరు జిల్లావారే. 1901లో సుద్దపల్లిలో పుట్టారు. అసలు పేరు కల్యాణం వెంకట సుబ్బయ్య. రఘురాముడి వేషంలో మెప్పించాక రఘురామయ్య అయ్యారని పెద్దలు చెబుతారు. 1933లో వచ్చిన పృథ్వీపుత్రతో సినిమాల్లోకీ వెళ్లారు గానీ ఆయన ప్రాణమంతా స్టేజీ మీదే. ముఖ్యంగా కృష్ణుడు. ఆడవేషాలకు పేరుపడ్డ బాపట్ల మనిషి స్థానం నరసింహారావు గారు సత్యభామ, ఈయన కృష్ణుడు అంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లట.

ఇక ఈల సంగతి. వేలు నోట్లో పెట్టుకుని వేసేవారు. అచ్చం వేణువులా పలికేది. పద్యం పూర్తిగా పాడి, చివరి మాట మీద రాగం తీసి, గొంతు ఆపిన చోటు నుంచి అదే రాగాన్ని ఈలతో అందుకునేవారు. అది కృష్ణుడి వేషం కావడం గమనించండి. మురళి పట్టుకున్న పాత్రకు ఆ ఈల అతికినట్టు సరిపోయింది. హరిశ్చంద్రుడు కాటి సీనులో ఈల వేస్తే ఎవరు ఒప్పుకుంటారు? పాత్ర ఎరిగి వాడారు కాబట్టే అది గారడీలా అనిపించలేదు.

ముందు పద్యం అని ఎందుకన్నానంటే, కాంట్రాక్టు నాటకాల్లో రిహార్సల్ ఉండదు. కృష్ణుడు పడుకుని ఉండగా అర్జునుడు, దుర్యోధనుడు వచ్చే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఒక్కొక్కరు ఒక్కో ఊరి నుంచి దిగుతారు. హార్మోనిస్టుకు శ్రుతి చెప్పి నేరుగా తెర ముందుకు వెళ్లడమే. అక్కడ మనల్ని కాపాడేది పద్యం మీద పట్టొక్కటే. జనం వన్స్‌మోర్ కొడితే మళ్లీ అంతే బాగా పాడాలి. నా మొదటి రోజుల్లో ఆ టెన్షన్‌కు గొంతు ఎండిపోయేది.

మా గురువుగారు హార్మోనియం మూసేసి, వరండా ఆ చివరన కూర్చుని, నన్ను ఈ చివర నుంచి పద్యం రాగం లేకుండా ఉత్త మాటగా చదవమనేవారు. తనకు ఏం వినపడిందో తిరిగి చెప్పేవారు. ఒక్క అక్షరం మింగినా దొరికిపోయేవాణ్ణి. "ముందు మాట వినపడనీయరా, రాగం ఎక్కడికీ పారిపోదు. రఘురామయ్య గారి దగ్గర నేర్చుకోవాల్సింది అది" అనేవారు. మైకు లేని రోజుల్లో మొదలైనవాళ్లకు ఆ పద్ధతి తప్పదు. ఇప్పటి కుర్రాళ్లలో మంచి గొంతులున్నాయి. కానీ చాలామంది రెండో పాదం దాటకముందే రాగంలోకి దూకేస్తున్నారు. చప్పట్లు పడతాయి, పద్యం మాత్రం పోతుంది. నాకు నిజంగా బాధేస్తుంది.

1973లో ఆయనకు సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 1975లో పద్మశ్రీ. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే పోయారు. స్థానం వారికి 1956లోనే పద్మశ్రీ ఇచ్చారు. ఈయనకు ఇంకా ముందే రావాల్సిందని నా అభిప్రాయం.

మీ వాడికి నిజంగా ఆసక్తి ఉంటే ఈల ముక్కలు కాకుండా పద్యాలు పూర్తిగా వినిపించండి. విజయవాడ గాంధీనగర్‌లో హనుమంతరాయ గ్రంథాలయంలో గానీ, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో గానీ పద్య నాటకం ఉందని తెలిస్తే తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టండి. పాడేవాళ్లు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో దగ్గర నుంచి చూస్తే వాడికే తెలుస్తుంది. ఈల తర్వాత నేర్చుకోవచ్చు.