పచ్చిక తీసి పూలమళ్లు వేయడానికి పర్సనల్ లోనా?

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర మాకు సొంత ఇల్లు ఉంది. ముందున్న 600 చదరపు అడుగుల లాన్ ఏటా వేసవిలో మాడిపోతోంది. దాన్ని తీసేసి పూలమళ్లు, గేటు నుంచి గడప దాకా తాండూరు బండల బాట వేయించాలనుకుంటున్నాము. లైట్లు, చిన్న ఫౌంటెన్‌తో కలిపి రూ.3 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. నా జీతం రూ.92,000. ఇంటి రుణం వాయిదా 34,000, ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు 46,000. ఖాతాలో రూ.60,000 ఉన్నాయి. కంపెనీ ఆరోగ్య బీమా ఉంది. బ్యాంకు 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటోంది. వేసవిలో వారానికొక ట్యాంకరు ఖర్చు తగ్గుతుంది కాబట్టి తీసుకోవచ్చా?

జవాబు: లాన్ తీసేయాలన్న మీ ఆలోచనను నేను తప్పుపట్టను. నీళ్లు కొనుక్కునే చోట గడ్డి పెంచడం మొదటి నుంచీ దండగే. అయితే, మిగలబోయే ఖర్చును చూపించి అప్పును సమర్థించుకోవడం నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది చేసే పొరపాటు కాబట్టి, ముందు ఆ లెక్క చూద్దాము. ట్యాంకరు రూ.800 అనుకున్నా, నాలుగు నెలలకు పదహారు ట్యాంకర్లు, అంటే ఏడాదికి రూ.12,800, మూడేళ్లకు రూ.38,400. మీరు తీసుకోబోయే రుణానికి నెలవాయిదా సుమారు రూ.10,250, మూడేళ్లలో వడ్డీయే రూ.69,000 దాటుతుంది. పైగా కొత్తగా నాటిన మొక్కలకు మొదటి వేసవిలో నీళ్లు పోయక తప్పదు.

అసలు సమస్య వడ్డీ కూడా కాదు. అన్నీ పోగా మీకు నెలకు మిగిలేది రూ.12,000, ఈ వాయిదా కట్టాక చేతిలో ఉండేది పదిహేడు వందల చిల్లర. మీ ఇల్లు నెలకు రూ.80,000 మీద నడుస్తోంది కాబట్టి, ఖాతాలోని అరవై వేలు మూడు వారాల ఖర్చుకు సరిపోతాయి. ఉద్యోగం పోతే నాలుగో వారం నుంచి ఇంటి రుణం వాయిదా ఎక్కడి నుంచి వస్తుందో మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. మీరు నమ్ముకున్న కంపెనీ బీమా కూడా ఆ ఉద్యోగంతోనే పోతుంది. ఒక ఖాతాదారు ఇదే విధంగా అప్పు చేసి కాంపౌండ్ అంతా బండలు పరిపించుకుని, ఏడాది తిరగకముందే తండ్రి గుండె ఆపరేషన్‌కు నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చుకున్నారు. ఆ అప్పు నేటికీ తీరలేదు.

మీకు కావలసిన అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4.8 లక్షలు. అది ఇప్పుడే సాధ్యం కాదు కాబట్టి తొలి మజిలీగా రూ.2.4 లక్షలు పెట్టుకోండి. ఖాతాలోని అరవై వేలు పోగా మిగతా దానికి, నెలకు మిగిలే పన్నెండు వేలను జీతం పడిన రోజే వేరే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు మళ్లిస్తే పదిహేను నెలలు పడుతుంది; బోనస్ వస్తే ఇంకా ముందే పూర్తవుతుంది. కుటుంబానికి సొంతంగా ఒక ఆరోగ్య పాలసీ కూడా ఈలోగానే తీసుకోండి. బంగారం తాకట్టు, ఇంటి రుణంపై టాప్-అప్ వడ్డీలో కాస్త నయమే కానీ, ఈ పనికి రెండూ వద్దు. క్రెడిట్ కార్డు ఈఎంఐ గురించి నన్ను అడగనే వద్దు.

తోట పని ముక్కలుగా చేసుకోగలిగినది, ఒకేసారి మూడు లక్షలు పోయనవసరం లేదు. మృగశిర కార్తెకు ముందు ఇద్దరు కూలీలతో గడ్డి పీకించి, పశువుల ఎరువు కలిపించి, తొలకరి పడ్డాక ఇరుగుపొరుగు ఇచ్చిన మందార, నందివర్ధనం కొమ్మలు గుచ్చితే నాటుకుంటాయి. దీనికి ఒక నెల మిగులు చాలు. బండల బాటను ఆ రూ.2.4 లక్షలు నిండాక, ఆ పైన కూడబెట్టిన డబ్బుతో వేయించుకోండి. మూడడుగుల వెడల్పు సరిపోతుంది. నడిచే బాటే కాబట్టి, గట్టిగా దిమ్మిస చేసిన నేల మీద ఇసుక పరిచి బండలు పేర్చమని మేస్త్రీకి చెబితే కాంక్రీటు ఖర్చు తప్పుతుంది. కొటేషన్‌లోని ఫౌంటెన్‌ను మాత్రం ఇప్పుడే కొట్టివేయండి.